మొదటి సెమిస్టర్ కోర్సుల గురించి మీరడిగినవి

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయం మీద ఉన్నాయి, అందుకే మిగతా ప్రశ్నల్ని వచ్చే నెలకి తోసేశాను. యూనివర్సిటీలో సీటు వచ్చింది, ఓరియెంటేషన్‌కి పిలిచారు, కోర్సులు మీరే ఎంచుకోండి అన్నారు, ఇప్పుడేం చేయాలి అని అందరి టెన్షనూ ఒకటే. నేను కొన్నేళ్ళు ఒక యూనివర్సిటీ సలహా విభాగంలో బల్లకి అటువైపు కూర్చున్నాను, అంతకు ముందు ఇటువైపు కూర్చుని చేయగలిగిన తప్పులన్నీ చేశాను. రెండూ కలిపి చెబుతున్నాను.

ప్రశ్న: మా ఓరియెంటేషన్ రెండు రోజులు. షెడ్యూల్ చూస్తే స్వాగతోపన్యాసం, పరిచయాల ఆటలు, క్యాంపస్ టూరు, మళ్ళీ ఉపన్యాసం. సీనియర్లు టైమ్ వేస్ట్ అంటున్నారు. ఎగ్గొడితే ఏమైనా అవుతుందా?

ఎగ్గొట్టకండి. మీ సీనియర్లు చెప్పింది పూర్తిగా అబద్ధమేమీ కాదు, ఉపన్యాసాల్లో మూడొంతులు మీకు ఆ సాయంత్రానికే గుర్తుండవు, గుండ్రంగా నిలబడి పేర్లు చెప్పుకునే ఆటలంటే నాకూ ఒళ్ళుమంటే. కానీ ఆ రెండు రోజుల మధ్యలో ఎక్కడో ఒక గంట ఉంటుంది, దాన్ని అడ్వైజింగ్ అనో కోర్సుల ప్రణాళిక అనో రాస్తారు, అసలు మీరు వెళ్ళేది దానికోసం. చాలా చోట్ల ఆ గంట అయ్యేదాకా మీ రిజిస్ట్రేషన్ మీద 'హోల్డ్' ఉంటుంది, అంటే మీ అకౌంట్‌కి తాళం వేసి పెట్టారన్న మాట, మీరు పేజీ తెరిచి ఎన్నిసార్లు నొక్కినా కోర్సు పడదు. టీకాల రికార్డు ఇవ్వకపోయినా, స్కూల్ నుంచి ఫైనల్ మార్కుల కాగితం చేరకపోయినా, ఫీజు బాకీ ఉన్నా అలాంటి తాళాలే పడతాయి. కాబట్టి ఇవాళే మీ స్టూడెంట్ పోర్టల్‌లోకి వెళ్ళి హోల్డ్స్ అనే చోట ఏముందో చూడండి. ఓరియెంటేషన్ రోజున కనిపెడితే సంబంధిత ఆఫీసు ముందు పెద్ద క్యూ ఉంటుంది, ఆ క్యూలో మీరుండగానే సీట్లు అయిపోతుంటాయి.

ఆ అడ్వైజింగ్ గంటలో 'నేను ఏం తీసుకోవాలి' అని అడగకండి. అలా అడిగితే అవతలి వాళ్ళ దగ్గర ఒక నమూనా పట్టిక ఉంటుంది, అది చేతిలో పెట్టి తర్వాతి వాళ్ళని పిలుస్తారు, నేనూ రద్దీ రోజుల్లో అదే చేశాను. దానికి బదులు ఇలా అడగండి: 'ఈ డిగ్రీలో ఏడాదికి ఒక్కసారే చెప్పే కోర్సులేవి, వాటికి ముందు ఏవేవి పూర్తయి ఉండాలి?' ఈ ప్రశ్న ఎందుకో కింద ఇంకో ఉత్తరానికి జవాబులో వివరంగా రాశాను, అది తప్పకుండా చదవండి.

అన్నట్టు, కొన్ని చోట్ల మొదటి సెమిస్టర్ అంతా నడిచే ఓరియెంటేషన్ కోర్సు కూడా ఉంటుంది, దాన్ని చూసి నవ్వకండి. ఇప్పుడు చాలా యూనివర్సిటీల్లో కనిపించే ఈ తరహా కోర్సుకి పేరుమోసిన మూలం అమెరికాలోని సౌత్ కరోలినా యూనివర్సిటీ. 1970లో అక్కడి విద్యార్థులు తిరగబడి అధ్యక్షుడు థామస్ జోన్స్ ఉన్న భవనాన్నే చుట్టుముట్టారు. పిల్లలకీ సంస్థకీ మధ్య ఏదో తెగిపోయిందని ఆయనకి అనిపించి 1972లో 'యూనివర్సిటీ 101' అనే కోర్సు పెట్టించాడు. అలా గొడవలోంచి పుట్టిన క్లాసు ఇన్నేళ్ళుగా నడుస్తోంది.

ప్రశ్న: మా దగ్గర మామూలుగా సెమిస్టర్‌కి 15 క్రెడిట్లు తీసుకుంటారట. నేను స్కూల్లో టాపర్‌ని, 18 తీసుకుని తొందరగా పూర్తి చేద్దామనుకుంటున్నాను. మంచిదేనా?

మొదటి సెమిస్టర్‌లో వద్దు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

మీ ఉత్తరం చూస్తే అమెరికా పద్ధతి అనిపిస్తోంది. అక్కడ ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు బయట రెండు గంటల చదువు. అంటే 15 క్రెడిట్లకి వారానికి 45 గంటలు, 18 అయితే 54. వారంలో ఉన్నవే 168 గంటలు, రోజుకి ఎనిమిది గంటలు నిద్రపోతే 56 పోయాయి, మిగిలింది 112. అందులో సగం చదువుకే పోతే తక్కిన సగంలో తినడం, తిరగడం, బట్టలు ఉతుక్కోవడం, కొత్త చోట దారి తప్పడం, ఇంటికి ఫోన్ చేసి బాగానే ఉన్నానని అబద్ధం చెప్పడం అన్నీ పట్టాలి. పైగా ల్యాబుల లెక్క వేరు. ఒక్క క్రెడిట్ ల్యాబ్ అని చిన్నగా కనిపిస్తుంది, వెళ్ళి చూస్తే వారానికి మూడు గంటలు నిలబెడుతుంది, దాని రిపోర్టు రాయడానికి ఒక సాయంత్రం.

డిగ్రీకి మొత్తం 120 క్రెడిట్లు, ఎనిమిది సెమిస్టర్లు, భాగిస్తే 15 చొప్పున వస్తుంది, అందుకే అందరూ 15 అంటారు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది: 12 తీసుకుంటే కూడా ఫుల్‌టైమ్ విద్యార్థి కిందే లెక్క, కానీ ప్రతిసారీ 12 తీసుకుంటూ పోతే 120 అవడానికి పది సెమిస్టర్లు పడుతుంది, అంటే నాలుగేళ్ళు అయిదవుతాయి. ఈ సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు.

ఇతర చోట్ల ఉన్నవాళ్ళ కోసం: యూరప్‌లో ఈసీటీఎస్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కోటి 25 నుంచి 30 గంటల పని, అందులో క్లాసూ ఇంటిపనీ పరీక్షా అన్నీ కలిసే ఉంటాయి, ఏడాదికి 1500 నుంచి 1800 గంటలు అవుతుంది. మన దేశంలో యూజీసీ 2022లో తెచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120, నాలుగేళ్ళ ఆనర్స్‌కి 160, ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల పాఠం లేదా 30 గంటల ల్యాబ్. కాబట్టి ఒక దేశంలో ఉన్న మీ అన్నయ్య 'నేను 30 చేశాను' అంటే, ఇంకో దేశంలో ఉన్న మీరు కంగారు పడక్కర్లేదు, మీ ఇద్దరి కొలత వేరు.

ఈ గంటల కొలత చదువుని కొలవడానికి పుట్టలేదు తెలుసా? 1905లో ఆండ్రూ కార్నెగీ కాలేజీ ప్రొఫెసర్లకి పెన్షన్లు ఇవ్వడానికి ఒక ఫౌండేషన్ పెట్టాడు. మరి ఏది నిజమైన కాలేజీ, ఏది కాదు అని తేల్చాలి కదా, స్కూల్లో ఇన్ని గంటల చొప్పున ఇన్ని యూనిట్లు చదివిన వాళ్ళనే చేర్చుకునేది కాలేజీ అని ఒక షరతు పెట్టారు. పెన్షన్ కోసం సంస్థలన్నీ ఆ లెక్కలోకి వచ్చాయి, తర్వాత కాలేజీ కోర్సులు కూడా గంటల్లోనే కొలవడం అలవాటైపోయింది. ప్రొఫెసర్ల పెన్షన్ కోసం వేసిన లెక్కతో ఇవాళ మీ వారం నిండుతోంది.

15తో మొదలుపెట్టండి. ఒక సెమిస్టర్ మార్కులు చేతికొచ్చాక కూడా 18 మీద మనసుంటే అప్పుడు తీసుకోండి, మీ రికార్డు చూసి అడ్వైజరే ఒప్పుకుంటారు.

ప్రశ్న: నాకు ఇంజనీరింగా బయాలజీనా ఇంకా తేలలేదు. గణితం ప్లేస్‌మెంట్ పరీక్ష ఆన్‌లైన్‌లో రాయమన్నారు, ఫ్రెండ్ పక్కన కూర్చుని సాయం చేస్తానంటున్నాడు. మొదటి సెమిస్టర్‌లో తేలికైనవి తీసుకుని ఆలోచించుకోవచ్చా?

మీ ఫ్రెండ్‌ని ఇంటికి పంపేయండి. ప్లేస్‌మెంట్ పరీక్షలో వచ్చిన మార్కు మీ మార్కుల పత్రం మీదికి ఎక్కదు, ఎవరూ మెచ్చుకోరు, మీరు ఏ క్లాసులో కూర్చోవాలో చెప్పడానికే అది. సాయంతో రాసి కాల్‌క్యులస్‌లో కూర్చుంటే మూడో వారానికి ట్రిగొనామెట్రీ రాక అక్కడ చిక్కుకునేది మీరు, ఆ మార్కు మాత్రం నమోదవుతుంది. అలాగని చదవకుండా నిద్రకళ్ళతో రాసినా నష్టమే, స్కూల్లో ఒకసారి చేసిన గణితాన్నే మళ్ళీ ఒక సెమిస్టర్ కూర్చుని చేయాల్సొస్తుంది. రెండు వారాలు పాత పుస్తకం తిరగేసి, ఒంటరిగా రాయండి.

ఇక 'తేలికైనవి తీసుకుని ఆలోచించుకోవడం' గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే బల్లకి అటువైపు నేను చూసిన పెద్ద నష్టాలన్నీ ఇక్కడే జరిగాయి, ఫెయిలైన వాళ్ళ కంటే ఇలా చేసిన వాళ్ళే ఎక్కువ కాలం పోగొట్టుకున్నారు.

డిగ్రీని కోర్సుల జాబితాగా చూడకండి, గొలుసుగా చూడండి. ఇంజనీరింగ్ తీసుకుందాం. మొదటి కాల్‌క్యులస్ అయితేనే రెండోది, దానితో పాటుగానో దాని తర్వాతో కాల్‌క్యులస్ వాడే ఫిజిక్స్, అవి రెండూ అయితేనే రెండో ఏడాదిలో స్టాటిక్స్, అది అయితేనే దాని తర్వాతది. మీరు మొదటి సెమిస్టర్‌లో కాల్‌క్యులస్ తీసుకోలేదనుకోండి, ఒక్క సెమిస్టర్ కదా పోయింది అనిపిస్తుంది. కానీ ఆ తర్వాతి కోర్సు ఏడాదికి ఒక్కసారే చెబుతుంటే, మీరు అర్ధ సంవత్సరం ఆలస్యంగా అక్కడికి చేరేసరికి ఆ తలుపు మూసుకుపోయి ఉంటుంది, మళ్ళీ తెరిచేదాకా కూర్చోవాలి. ఆరు నెలల ఆలస్యం ఏడాదిగా మారేది ఇలాగే. బయాలజీకీ ఇలాంటి గొలుసే ఉంది, అక్కడ ముందుండేది కెమిస్ట్రీ: జనరల్ కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లు, ఆ తర్వాత ఆర్గానిక్ రెండు, ఆ తర్వాతే బయోకెమిస్ట్రీ.

అందుకే మీకు తేలనప్పుడు చేయాల్సింది తేలికైనవి వెతకడం కాదు, రెండు గొలుసుల మొదటి కొక్కేలూ పట్టుకోవడం. మీ విషయంలో కాల్‌క్యులస్ ఒకటి, జనరల్ కెమిస్ట్రీ ఒకటి. ఎటు వెళ్ళినా కాల్‌క్యులస్ వృథా కాదు, కెమిస్ట్రీ చాలా ఇంజనీరింగ్ శాఖల్లో మొదటి ఏడాది ఎలాగూ అడుగుతారు. వాటికి తోడు అందరికీ తప్పనిసరిగా ఉండే రచన కోర్సు ఒకటి, మిగిలినది మీకు నచ్చింది ఒకటి, చరిత్రో సంగీతమో ఏదైనా సరే. ఆ నచ్చినదాన్ని తీసేయకండి, నవంబర్‌లోనో మార్చిలోనో పొద్దున్నే మిమ్మల్ని మంచం మీంచి లేపేది అదొక్కటే కావచ్చు.

ఒకమ్మాయి గుర్తొస్తోంది. రంగు పెన్సిళ్ళతో వేసిన టైమ్‌టేబుల్ పట్టుకొచ్చింది, మంగళ గురువారాల్లో క్లాసులన్నీ కుదించింది, మిగతా మూడు రోజులూ ఖాళీ, అంత అందమైన కాగితం నేను చూడలేదు. కెమిస్ట్రీ ల్యాబ్ పసుపు, ఆర్ట్ హిస్టరీ గులాబీ. కాల్‌క్యులస్ ఏదమ్మా అంటే, సోమ బుధ శుక్రవారాల్లో తప్ప దొరకలేదు, అందుకే తర్వాత చూద్దామనుకున్నాను అంది. తనది మెకానికల్ ఇంజనీరింగ్. ఆ కాగితాన్ని పాడు చేయడానికి నాకు మనసొప్పలేదు గానీ పాడు చేశాను.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో చేరాడు. ఓరియెంటేషన్‌లో తల్లిదండ్రుల్ని వేరే హాల్లో కూర్చోబెట్టారు, కోర్సులు ఎంచుకునే చోటికి రానివ్వలేదు. వాడి మార్కులు అడిగితే 'మేం చెప్పం' అంటున్నారు. ఫీజు కట్టేది మేమే కదా?

కోపం అర్థమైందండీ. కానీ ఆ కౌంటర్లో ఉన్నవాళ్ళ తప్పు లేదు. అక్కడ 1974 నుంచి ఫెర్పా అనే చట్టం ఉంది, 18 ఏళ్ళు నిండినా, ఆ లోపే కాలేజీలో చేరినా, చదువు రికార్డుల మీద హక్కు తల్లిదండ్రుల నుంచి పిల్లల చేతికి వెళ్ళిపోతుంది. మీ అబ్బాయి సంతకం పెట్టి అనుమతి ఇస్తే మీకు చెబుతారు, ఆ ఫారం పోర్టల్‌లోనే ఉంటుంది. వాడి పాస్‌వర్డ్ మాత్రం అడగకండి. ఇస్తాడు, ఆ తర్వాత ప్రతి క్విజ్ మార్కూ మీరు వాడికంటే ముందు చూస్తారు, ఇద్దరికీ మనశ్శాంతి ఉండదు. రిజిస్ట్రేషన్ రోజున వాడి పక్కన కూర్చోవాలని ఉంటే ఒక్క పని చేయండి, వాడు రాసుకున్న ప్లాన్ మీకు గట్టిగా చదివి వినిపించమనండి. ఎక్కడ తడబడ్డాడో అక్కడ వాడే ఆగి ఆలోచిస్తాడు.

ప్రశ్న: నాకిచ్చిన రిజిస్ట్రేషన్ టైమ్ దాదాపు చివర్లో ఉంది. అప్పటికి సెక్షన్లన్నీ నిండిపోతాయని భయంగా ఉంది. వెయిట్‌లిస్ట్‌లో పేరు వేస్తే వస్తుందా?

వస్తుంది, చాలాసార్లు వస్తుంది. మొదటి ఏడాది కోర్సుల్లో జనం మొదటి వారం అంతా అటూ ఇటూ మారుతూనే ఉంటారు. వెయిట్‌లిస్ట్‌లో సీటు ఖాళీ అయితే యూనివర్సిటీ మెయిల్‌కి కబురొస్తుంది, మీ సొంత మెయిల్‌కి కాదు, చాలా చోట్ల 24 గంటల్లో ఒప్పుకోకపోతే తర్వాతి వాళ్ళకి వెళ్ళిపోతుంది. ఆ మెయిల్ ఫోన్‌లో పెట్టుకోకుండా సీటు పోగొట్టుకున్న వాళ్ళని చాలామందిని చూశాను.

ముందు రోజు రాత్రి ఒక కాగితం మీద ప్రతి కోర్సుకీ మూడు సెక్షన్ల నంబర్లు రాసుకోండి. కోర్సు పేరు చాలదు, ప్రతి సెక్షన్‌కీ విడి నంబర్ ఉంటుంది, అదే నేరుగా కొట్టాలి. అన్నిటికంటే ముందు గొలుసు కోర్సు, దాని తర్వాతే మిగతావి, నచ్చిన ప్రొఫెసర్ గురించి ఆఖర్న ఆలోచించండి.

నా కథ చెబుతాను, నవ్వుకోండి. నేను మొదటిసారి రిజిస్టర్ అయినప్పుడు ఫిజిక్స్ లెక్చర్ పడింది, ల్యాబ్ పడలేదు, సమయం ఢీకొంటోందని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. సరే, లెక్చర్‌ని ఒకసారి తీసేసి వేరే సెక్షన్‌తో కలిపి మళ్ళీ వేద్దామనుకున్నాను. తీసేశాను. వేరే సెక్షన్ నంబర్ కొట్టాను, నిండిపోయింది అంది. సరే పాతదే వేసుకుందామని వెనక్కి వస్తే అదీ నిండిపోయింది, నేను వదిలిన సీటు ఆ అర నిమిషంలో ఎవరో ఎగరేసుకుపోయారు. స్క్రీన్ మీద సున్నా అని చూస్తూ కూర్చున్నాను, చేతులు చల్లబడ్డాయి. కాబట్టి ఉన్నది తీసేసి కొత్తది వెతకొద్దు. చాలా పోర్టల్స్‌లో 'స్వాప్' అని ఉంటుంది, కొత్తది దొరికితేనే పాతది వదులుతుంది. అది లేకపోతే ముందు కొత్తదాంట్లో ఖాళీ ఉందో లేదో చూసుకుని అప్పుడు చేయి వేయండి.

ఏదీ దొరక్కపోతే మొదటి రోజు ఆ క్లాసుకి వెళ్ళి కూర్చోండి, క్లాసయ్యాక ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళి పేరు, వెయిట్‌లిస్ట్ నంబర్, ఈ కోర్సు ఎందుకు కావాలో రెండు ముక్కల్లో చెప్పండి. ఏడవొద్దు, పొడుగ్గా మెయిళ్ళూ పెట్టొద్దు.

ప్రశ్న: డ్రాప్‌కీ విత్‌డ్రాకీ తేడా ఏమిటి? నేను స్టూడెంట్ వీసా మీద ఉన్నాను.

మొదటి వారం రెండు వారాల్లో, యాడ్-డ్రాప్ గడువు లోపల తీసేస్తే డ్రాప్, అది మీ మార్కుల పత్రం మీద కనిపించదు. ఆ గడువు దాటాక తీసేస్తే విత్‌డ్రా, 'డబ్ల్యూ' అని పడుతుంది, గ్రేడ్ సగటు తగ్గదు గానీ ఫీజు పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. ఒకటో రెండో డబ్ల్యూలు ఉంటే కొంప మునగదు, ఫెయిల్ గ్రేడ్ కంటే నయమే.

కానీ మీ సంగతి వేరు. అమెరికాలో ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద ఉండి డిగ్రీ మొదటి ఏడాది చదువుతుంటే సెమిస్టర్‌కి 12 క్రెడిట్ల కిందికి దిగకూడదు, ఆ 12లో కూడా పూర్తి ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే లెక్కకొస్తుంది, అంటే మూడు క్రెడిట్లకి మించి కాదు. మీరు ఇప్పుడు సరిగ్గా 12లో ఉంటే ఒక్క కోర్సు తీసినా వీసా స్టేటస్‌కి ముప్పు. ఇంగ్లిష్ ఇబ్బంది వల్లో, కొత్త చదువు పద్ధతి అలవాటు కాకో మొదట్లో తట్టుకోలేకపోతే తగ్గించుకోవడానికి వెసులుబాటు ఉంది, కానీ అనుమతి ముందు రావాలి, బటన్ తర్వాత నొక్కాలి. ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓ, అంటే వీసా విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి, ఉంటారు, వాళ్ళని కలవకుండా ఆ పేజీ తెరవొద్దు.

ప్రశ్న: పొద్దున ఎనిమిది గంటల క్లాసు ఒక్కటే ఖాళీగా ఉంది. తీసుకోనా?

గొలుసు కోర్సు అయితే తీసుకోండి, రెండు అలారాలు పెట్టుకోండి, రెండోది మంచానికి దూరంగా. కాకపోతే వదిలేయండి.